నక్షలో పొలం ఎక్కడ?

2023 జనవరిలో కామారెడ్డి రైతులు ఒక మాస్టర్ ప్లాన్‌ను ఆపగలిగారు. చిన్న పట్టణాల చుట్టూ పొలాలను ప్లాట్లుగా మారుస్తున్న ఒత్తిడి మాత్రం అలాగే ఉంది. అది ఎక్కడి నుంచి వస్తోంది? దాన్ని తట్టుకుని సాగు భూమి నిలబడాలంటే ఏం చేయాలి?

సంక్రాంతి ఇంకా పది రోజులుంది. యాసంగి నాట్లు ముమ్మరంగా సాగాల్సిన వేళ. 2023 జనవరి 5న కామారెడ్డి చుట్టుపక్కల పల్లెల రైతులు మడులు వదిలేసి, ఇంట్లో ఆడవాళ్లను కూడా వెంటబెట్టుకుని కలెక్టరేట్ ముందుకొచ్చి కూర్చున్నారు. అంతకు ముందురోజే అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కొత్త మాస్టర్ ప్లాన్‌లో తన భూమి ఇండస్ట్రియల్ జోన్ కిందికి పోయిందన్న దిగులే అతణ్ని బలిగొన్నదని ఊరివాళ్లు చెప్పారు. కలెక్టర్ బయటికొచ్చి తమతో మాట్లాడాలని రైతులు పట్టుబట్టారు. పోలీసులు గేటు దగ్గరే ఆపేశారు. తోపులాట జరిగింది. మర్నాడు పట్టణం బంద్ పాటించింది.

అది ముసాయిదా మాత్రమేనని, అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనవరి 11 దాకా గడువుందని అధికారులు నచ్చజెప్పబోయారు. రైతులు వినలేదు. వినకపోవడానికి వాళ్లకు కారణముంది. తమ సర్వే నంబరు మీద ఏ రంగు పడిందో తెలిసేనాటికే గడువు సగం గడిచిపోయిందన్నది వాళ్ల బాధ. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ప్రత్యేకంగా సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఆ రోజుల్లోనే జగిత్యాలలో కూడా ఇలాంటి ఆందోళన రేగింది. అక్కడి కౌన్సిల్ కూడా ముసాయిదాను వెనక్కి తీసుకుంది.

ఆ ఏడాది చివర అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి ఇద్దరూ కామారెడ్డిలో పోటీ చేశారు. ఇద్దరినీ ఓడించి బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. మాస్టర్ ప్లాన్ గొడవలో రైతుల పక్షాన నిలబడ్డ నాయకుడాయన. ఆ గెలుపునకు కారణాలు చాలా ఉంటాయి. కానీ పొలం మాట ఎత్తకుండా ఆ ఎన్నికను ఎవరూ వివరించలేరు.

రైతులు గెలిచారు, సరే. మరి పొలం గెలిచిందా? కామారెడ్డి నుంచి జాతీయ రహదారి మీద ఏ దిక్కుకు పోయినా రోడ్డుకు రెండువైపులా రంగు వేసిన కడీలు, వెంచర్ల కమాన్లు కనిపిస్తూనే ఉంటాయి. వాటికి ఏ మాస్టర్ ప్లానూ అవసరం రాలేదు. ప్రభుత్వం గీసిన గీతను రైతులు చెరిపించగలిగారు. ప్రభుత్వం ప్రమేయం లేకుండా రోజూ కరిగిపోతున్న భూమి గురించి మాత్రం ఇప్పటిదాకా ఎవరం గట్టిగా అడగలేదు. ఈ కథనం ఆ భూమి గురించే.

కలెక్టరేట్ వచ్చిన దారి

కామారెడ్డి పెద్ద నగరం కాదు. హైదరాబాద్‌కు నూటపది కిలోమీటర్ల దూరంలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద, రైల్వే స్టేషనూ బెల్లం మార్కెట్టూ ఉన్న వ్యాపార పట్టణం. చుట్టూ చెరుకు, మక్క, వరి, సోయా పండే పల్లెలు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయినప్పుడు నిజామాబాద్ నుంచి విడిపోయి ఇది జిల్లా కేంద్రమైంది. 2021 జూన్ 20న పట్టణ శివారున కొత్త కలెక్టరేట్ ప్రారంభమైంది.

ఇదొక్క కామారెడ్డి కథ కాదు. కొత్త జిల్లా కేంద్రాల్లో కలెక్టరేట్లను ఎక్కువగా ఊరి బయటే కట్టారు, ఎందుకంటే ముప్పై, నలభై ఎకరాల ప్రభుత్వ భూమి ఊరి మధ్యలో దొరకదు. అది సబబే. అయితే కలెక్టరేట్ ఏ దిక్కుకు పోతుందో ఖాయమైన రోజే ఆ దిక్కున ఎకరం ధర లేచింది. పట్టణానికీ కలెక్టరేట్‌కూ మధ్య ఉన్న పొలాలన్నీ ఒక్కసారిగా 'రోడ్డు బిట్టు'లైపోయాయి. 2018లో తెలంగాణలో కొత్తగా 68 మున్సిపాలిటీలు వచ్చాయి. పాత మున్సిపాలిటీలు కూడా చుట్టుపక్కల గ్రామాలను కలుపుకున్నాయి. కలిసిన గ్రామం పేరుకు పట్టణమైంది. ఇంటిపన్ను పెరిగింది. ఉపాధి హామీ పని ఆగిపోయింది, ఎందుకంటే ఆ చట్టం గ్రామీణ ప్రాంతాలకే వర్తించేది. పొలం మాత్రం నిన్న ఉన్నచోటే ఉంది. నిన్నటిదాకా సర్పంచ్‌ను నిలదీసిన రైతు, తన భూమి గురించి ఎవరిని అడగాలో తెలియక టౌన్ ప్లానింగ్ విభాగం కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఎకరం గజమయ్యే తీరు

పొలం ఎలా పోతుందో దగ్గరి నుంచి చూద్దాం. మొదట ఒకాయన బండి మీద వస్తాడు. తెలిసినవాడే, ఊళ్లో ఎవరికో చుట్టమే. "అన్నా, మీ బిట్టు అడుగుతున్నరు, ఏమంటవ్?" అంటాడు. వద్దంటే వెళ్లిపోతాడు. వారానికి మళ్లీ వస్తాడు. పక్క రైతు ఇచ్చేశాడని, మధ్యలో ఉన్న నీ భూమికి రేపు బాట కూడా ఉండదని చెప్తాడు. బాట మాట నిజమే కాబట్టి రైతుకు గుబులు పుడుతుంది. బయానా చేతిలో పడుతుంది. అగ్రిమెంట్ రాసుకుంటారు. మిగతా డబ్బు మూడు నెలలకో ఆరు నెలలకో ఇస్తామంటారు. ఆ లోపలే జేసీబీ దిగుతుంది.

ఒడ్లను చదును చేయడానికి ఒక్క పూట చాలు. ఏ మడి నీళ్లు ఏ మడిలోకి పోవాలో, ఎక్కడ మెరక, ఎక్కడ పల్లం, తరాలుగా సరిచేసుకుంటూ వచ్చిన లెక్కంతా ఆ పూటకే పోతుంది. తర్వాత మొరం పోసి రోడ్లు వేస్తారు. అడ్డంగా ఉన్న పంటకాల్వను కొన్నిచోట్ల పూడుస్తారు, కొన్నిచోట్ల దానిలో సన్నటి సిమెంటు పైపు వేసి మీద మొరం కప్పుతారు. కడీలు పాతి నంబర్లు వేస్తారు. కమాను లేస్తుంది. ఆదివారం టెంటు వేసి భోజనాలు పెడతారు. నిన్నటిదాకా ఎకరాల్లో, గుంటల్లో మాట్లాడిన భూమిని ఆ రోజు నుంచి గజాల్లో మాట్లాడతారు.

ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. రైతు ఎకరం యాభై లక్షలకు ఇచ్చాడనుకుందాం. గజం వెయ్యి రూపాయల చిల్లర పడినట్టు. రోడ్లకూ, వదలాల్సిన ఖాళీ స్థలానికీ పోను సగమే మిగిలిందనుకున్నా కొన్నవాడికి గజం రెండు వేల చిల్లరకు పడుతుంది. అదే గజం ఐదు వేలకు అమ్ముడుపోతే లాభమెంతో లెక్క కట్టనక్కర్లేదు. అనుమతి లేని వెంచరైతే ఆ ఖాళీ స్థలం కూడా వదలరు. లేఅవుట్ నిబంధనల బెడద తప్పించుకోవడానికి గుంటల చొప్పున 'ఫామ్ ల్యాండ్' పేరుతో అమ్మేవాళ్లూ ఉన్నారు. కాగితం మీద అది వ్యవసాయ భూమే. అక్కడ నారు పోసేవాళ్లు ఉండరు.

ఇక రైతు వైపు లెక్క. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండితే, 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయల చొప్పున 59 వేలు చేతికొస్తాయి. రెండు పంటలు తీసినా లక్షా పద్దెనిమిది వేలు. దున్నకం, నాట్లు, ఎరువు, మందులు, కోతమిషన్ ఖర్చులన్నీ అందులోంచే పోవాలి. యాభై లక్షలు బ్యాంకులో వేస్తే ఆరు శాతం లెక్కన ఏడాదికి మూడు లక్షల వడ్డీ. భూమి అమ్ముకున్న రైతును తప్పుపట్టేవాళ్లు ముందు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తెలంగాణలో సగటు కమతం హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. బిడ్డ పెళ్లికో, కొడుకు ఫీజుకో, ఆస్పత్రి ఖర్చుకో అందులో ఎకరం అమ్మిన మనిషి తప్పు చేసినట్టు కాదు. అతనికి మనం ఇంకో దారి చూపించలేదు.

ఇళ్లు లేని కాలనీలు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇక్కడొకటుంది. పొలం పోయి ఆ స్థలంలో బడి వచ్చినా, నలుగురికి ఇళ్లు వచ్చినా అర్థం చేసుకోవచ్చు. ఊరు పెరగాలి, మనుషులకు గూడు కావాలి. కానీ ఈ వెంచర్లలో ఏళ్లు గడిచినా ఇళ్లు లేవవు. సర్కారు తుమ్మ లేస్తుంది. కడీల మీద నంబర్లు వెలిసిపోతాయి. పంటా పోయి, ఇల్లూ రాక, భూమి ఊరికే పడి ఉంటుంది.

దీని విస్తృతి తెలియాలంటే 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్ఆర్ఎస్ ఉత్తర్వు గుర్తుచేసుకోవాలి. అనుమతి లేని లేఅవుట్లలో కొన్న ప్లాట్లను క్రమబద్ధం చేసుకోవడానికి ప్రభుత్వం అవకాశమిస్తే, తెలంగాణ మొత్తం మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి. అనుమతి లేని ప్లాట్లే అన్ని లక్షలు! ఆ దరఖాస్తులు ఏళ్ల తరబడి నలిగాయి. 2025లో ఫీజులో పాతిక శాతం రాయితీ ఇచ్చి మరీ పరిష్కరించడానికి ప్రయత్నించాల్సి వచ్చింది. ఇన్ని లక్షల ప్లాట్లు ఎవరు కొన్నారు? ఎందుకు కొన్నారు?

కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. దుబాయ్‌లో, సౌదీలో, మస్కట్‌లో ఎండలో పనిచేసి పైసా పైసా కూడబెట్టినవాళ్లు కొన్నారు. చిరుద్యోగులు, టీచర్లు, చిన్న దుకాణదారులు కొన్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన డబ్బుతో తల్లిదండ్రులు కొన్నారు. వాళ్లలో చాలామందికి అక్కడ ఇల్లు కట్టుకునే ఆలోచన లేదు. బిడ్డ పెళ్లినాటికి అక్కరకొస్తుందని కొన్నారు. చిట్టీలు మునగడం చూశారు, ప్రైవేటు ఫైనాన్సులు బోర్డు తిప్పేయడం చూశారు. బ్యాంకు వడ్డీ ధరల పెరుగుదలకు సరిపోదని తెలుసు. ఎక్కడికీ పోనిది భూమొక్కటే అని నమ్మారు.

అంటే మన చిన్న పట్టణాల చుట్టూ పొలాన్ని మింగుతున్నది ఇళ్ల కొరత అనుకుంటే పొరపాటు. సామాన్యుడి పొదుపునకు నమ్మకమైన చోటు లేకపోవడం దాన్ని మింగుతోంది. ఈ సంగతి గుర్తించకుండా రైతుకు ఎన్ని నీతులు చెప్పినా, నక్ష మీద ఎంత ఆకుపచ్చ పూసినా పొలం ఆగదు. ఒక ఊరి రైతు గల్ఫ్‌కు పోయి సంపాదించిన సొమ్ము పక్క ఊరి రైతు పొలాన్ని ప్లాట్లుగా మారుస్తోంది. ఇద్దరిదీ అవసరమే. ఇద్దరిలో ఎవరినీ నేను వేలెత్తి చూపలేను.

చట్టం ఏం కాపాడుతోంది?

ప్రభుత్వం భూమి తీసుకునేటప్పుడు వర్తించే చట్టముంది. 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్, నీటి వసతి ఉండి రెండు మూడు పంటలు పండే భూమిని చివరి గత్యంతరంగా తప్ప తీసుకోకూడదంటుంది. రైతు తనంతట తాను వెంచర్‌వాడికి అమ్ముకుంటే ఆ చట్టానికి సంబంధం లేదు. అక్కడ వర్తించేది 2006లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భూమార్పిడి చట్టం. జనం నోట్లో అది 'నాలా'. పేరు వింటే పొలాన్ని కాపాడే చట్టమనిపిస్తుంది. నిజానికది మార్పిడికి రుసుము వసూలు చేసే ఏర్పాటు. భూమి విలువలో ఇంత శాతమని కడితే వ్యవసాయ భూమి వ్యవసాయేతర భూమి అయిపోతుంది. అది ఏ చెరువు కింది మాగాణి, దాని గుండా పక్కవాడికి నీళ్లు పోతున్నాయా, ఆ ఊళ్లో ఇప్పటికే ఎన్ని ప్లాట్లు ఖాళీగా పడి ఉన్నాయి అని అడిగే నాథుడు లేడు. 2020 అక్టోబర్‌లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక ఈ పని స్లాట్ బుక్ చేసుకుని తహసీల్ ఆఫీసుకు పోయి ముగించుకునేంత తేలికైంది. ఆంధ్రప్రదేశ్ 2025లో నాలా చట్టాన్నే రద్దు చేసింది. వ్యాపారానికి సౌకర్యమే కావచ్చు. పొలం వైపు నుంచి చూస్తే ఉన్న ఒక్క గడపా తీసేసినట్టు.

ఇక మాస్టర్ ప్లాన్. టౌన్ ప్లానింగ్ పటాల్లో నివాసానికి పసుపు, పరిశ్రమకు ఊదా, పార్కులకూ సాగుకూ ఆకుపచ్చ. కామారెడ్డి రైతులు ఊదా రంగుకు భయపడ్డారని బయటివాళ్లకు అర్థమైంది. ఆకుపచ్చకు కూడా భయపడ్డారన్నది చాలామంది పట్టించుకోలేదు. గ్రీన్ జోన్‌లో పడితే లేఅవుట్‌కు అనుమతి రాదు. రోడ్డుకు అవతలివాడి ఎకరం కోటి పలుకుతుంటే ఇవతలివాడిది ఉన్నచోటే ఉంటుంది. అప్పు పుట్టదు, సంబంధం చూడ్డానికొచ్చినవాళ్లు కూడా భూమి ఏ జోన్‌లో ఉందని అడుగుతారు. పట్టణానికి గాలీ నీరూ కావాలి కాబట్టి నువ్వు బీదగా ఉండు అని ఒక రైతుకు చెప్పడం న్యాయం కాదు. పొలాన్ని కాపాడాలని గట్టిగా కోరుకునే నాబోటివాళ్లం ఈ మాట దాటవేస్తే రైతు మనల్ని నమ్మడు.

దీనికి పెద్ద రుజువు 111 జీవో. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడ్డానికి 1996 మార్చి 8న తెచ్చిన ఈ ఉత్తర్వు 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను నిషేధించింది. సుప్రీంకోర్టు కూడా దాని స్ఫూర్తిని నిలబెట్టింది. పాతికేళ్లు అది లక్షకు పైగా ఎకరాలను కాంక్రీటు నుంచి కాపాడిందనే చెప్పాలి. కానీ ఆ గ్రామాల్లో చాలామంది రైతులే దాన్ని ఎత్తేయమని అడిగారు. నగరం నీళ్లు తాగింది, నగరం గాలి పీల్చింది, అందుకు బదులుగా ఆ పల్లెలకు పైసా ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ కట్టుబాట్లను సడలించారు. నిషేధం ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఏదో ఒక ఎన్నికల ముందు అది కూలుతుంది.

కేరళ నేర్పింది, నేర్పనిది

దక్షిణాది రాష్ట్రాల్లో ఈ పనికి గట్టిగా పూనుకున్నది కేరళ. 1970ల నడుమ ఎనిమిది లక్షల హెక్టార్లు దాటిన వరి సాగు అక్కడ రెండు లక్షల దరిదాపులకు పడిపోయింది. 2008లో వరి భూములు, చిత్తడి నేలల పరిరక్షణ చట్టం తెచ్చారు. ఏ భూమి వరి పొలమో ఊరూరా జాబితా తయారుచేయాలన్నారు. పంచాయతీ స్థాయిలో ఒక కమిటీ వేశారు. అందులో పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయాధికారి, గ్రామాధికారితో పాటు ముగ్గురు రైతులుంటారు. పొలం తప్ప వేరే చోటు లేని రైతు సొంత ఇల్లు కట్టుకోవాలంటే పంచాయతీలో పది సెంట్లు, మున్సిపాలిటీలో ఐదు సెంట్ల దాకా సడలింపు ఇచ్చారు. నాకు ఈ సడలింపు చాలా నచ్చింది. అవసరానికీ వ్యాపారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో అది చెబుతోంది.

ఆ చట్టానికీ చిల్లులు పడ్డాయి. జాబితాలు ఏళ్ల తరబడి పూర్తికాలేదు. జాబితాకెక్కని భూమిని రుసుము కట్టి మార్చుకునే వెసులుబాటు 2018 సవరణతో వచ్చింది. కన్నూరు జిల్లా కీళాట్టూరులో బైపాస్ రోడ్డు కోసం వరి పొలాలు తీసుకోబోతే ఊరివాళ్లు 'వయల్‌కిళికళ్' అన్న పేరుతో ఉద్యమం నడిపారు. అయినా ఆ రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. పొలాన్ని పొలంగా ఉంచినందుకు యజమానికి హెక్టారుకు ఏడాదికి రెండు వేల రూపాయల రాయల్టీ 2020లో మొదలుపెట్టింది. అది చాలా చిన్న మొత్తం. కానీ పొలం పంటే కాకుండా నీటిని నిలిపి, వరదను పీల్చి ఊరికి ఇంకో సేవ కూడా చేస్తోందని, ఆ సేవకు విలువ కట్టి ఇవ్వాలని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. ఇంకో దారి అమెరికాలో కనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న మారిన్ కౌంటీలో రైతులు, పర్యావరణవాదులు కలిసి 1980లో ఒక భూ ట్రస్టు పెట్టుకున్నారు. రైతు భూమి రైతు దగ్గరే ఉంటుంది. దాని మీద కట్టడాలు కట్టే హక్కును మాత్రం ట్రస్టు డబ్బిచ్చి శాశ్వతంగా కొనేస్తుంది. అలా యాభై వేల ఎకరాలకు పైగా అక్కడ మేతభూమిగా, సాగుభూమిగా నిలిచింది.

తెలంగాణ ఎకరానికి ఏడాదికి 12 వేల రూపాయల రైతుభరోసా ఇస్తోంది. 2018లో రైతుబంధు పేరుతో మొదలైన ఈ సాయం నేరుగా రైతు ఖాతాలోనే పడుతుంది. కేరళ రాయల్టీ దీని ముందు ఏపాటిది! అంటే మనకు డబ్బు ఇచ్చే దారి, పట్టాదారు జాబితా, బ్యాంకు ఖాతా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పట్టణాల చుట్టూ చెరువు కింది ఆయకట్టులో, ఇరవై ఏళ్లు మార్పిడి చేయనని ఒప్పందం రాసి పాసుబుక్కులో నమోదు చేయించుకున్న రైతుకు దానికి మూడు నాలుగింతలు ఇవ్వొచ్చు. డబ్బెక్కడిదంటారా? ఎల్ఆర్ఎస్ రుసుము ఉంది, భూమార్పిడి రుసుము ఉంది, మున్సిపల్ చట్టంలో ఖాళీ స్థలం మీద పన్ను కూడా ఉంది. ఏళ్ల తరబడి ఇల్లు కట్టకుండా ఉంచిన ప్లాట్లపై ఆ పన్నును సరిగ్గా వసూలు చేసి, వచ్చిందంతా ఆ పట్టణం పొలాలకే కేటాయించాలి. మూడు లక్షల వడ్డీతో అది సమానం కాదు. అమ్మకుండా ఉండాలని మనసులో ఉన్న రైతుకు మాత్రం ఊతమవుతుంది. అలాంటి రైతులు మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉన్నారు. కలెక్టరేట్ ముందు చలిలో కూర్చున్నది వాళ్లే.

పక్క పొలం సంగతి

అమ్మినవాడికి డబ్బు వస్తుంది, కొన్నవాడికి ప్లాటు వస్తుంది. అమ్మని పక్క రైతుకు ఏం వస్తుంది? పంటకాల్వలో నీళ్లు రావు. మొరం రోడ్డు ఎత్తు పెరిగి వాన నీళ్లన్నీ అతని మడిలోనే నిలుస్తాయి. బండ్ల బాట మూసుకుపోతుంది. చుట్టూ పంట లేకపోయేసరికి పందులూ కోతులూ అతని ఒక్కడి చేను మీదే పడతాయి. నాట్లకు కూలీలు రావాలంటే ఒక్క రెండెకరాల కోసం ఆటో ఎవరూ కట్టుకురారు. రెండు మూడేళ్లు చూసి అతనూ అమ్మేస్తాడు. అప్పుడు దాన్ని 'ఇష్టపూర్వక అమ్మకం' అంటారు.

కౌలు రైతుకు ఆ రెండు మూడేళ్లు కూడా ఉండవు. బయానా పడ్డ రోజే అతని సాగు ముగుస్తుంది. ధరణిలో అనుభవదారు కాలమ్ తీసేశారు కాబట్టి ఆ రోజుల్లో అతను అక్కడ దున్నినట్టు కాగితం కూడా ఉండేది కాదు. కలుపు తీసే ఆడవాళ్ల సంగతి ఏ కాగితంలోనూ ఎప్పుడూ లేదు.

చెరువు గురించి కూడా చెప్పాలి. 2015 మార్చిలో మిషన్ కాకతీయను ప్రారంభించింది ఈ ప్రాంతంలోనే, సదాశివనగర్‌లో. ఆ చనిపోయిన రైతు ఊరు అడ్లూర్ ఎల్లారెడ్డి కూడా ఆ మండలంలోదే. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువుల్లో పూడిక తీసి, తూములు బాగుచేసి, ఆయకట్టు పెంచాలన్నది ఆ పథకం లక్ష్యం. ఒక చేత్తో చెరువు బాగుచేసి, ఇంకో చేత్తో ఆ చెరువు కింది మాగాణిని ప్లాట్లకు వదిలేయడం ఏ రకంగానూ పొసగదు. ఆయకట్టు పోయిన చెరువుకు తూము తిప్పే నీరటి అక్కర్లేదు. కట్ట మీద చెట్లు మొలిచినా అడిగే రైతు ఉండడు. కొన్నాళ్లకు చెరువు లోపలి శిఖం భూమి మీదే కడీలు పడతాయి. హైదరాబాద్‌లో చెరువులు పోయిన క్రమం ఇదే. చిన్న పట్టణాలు ఇంకా ఆ దారిలో సగంలోనే ఉన్నాయి. అంటే ఆపడానికి వీలుంది.

మళ్లీ ముసాయిదా వస్తే

మాస్టర్ ప్లాన్ వద్దని నేననను. ప్లాన్ లేకపోవడం వెంచర్లకే లాభం. కామారెడ్డికీ జగిత్యాలకూ ఇంకా ఎన్నో పట్టణాలకూ మళ్లీ కొత్త ముసాయిదాలు వస్తాయి, రావాలి. వచ్చేటప్పుడు మొదట గీయాల్సింది రోడ్డు కాదు. ఊరి పాత నక్షలో చెరువులు, కుంటలు, ఒర్రెలు, పంటకాల్వలు, బండ్ల బాటలు అన్నీ ఉన్నాయి. తరి (మాగాణి) ఏదో ఖుష్కి (మెట్ట) ఏదో పాత రెవెన్యూ రికార్డు సేత్వార్‌లో రాసి ఉంది. ముందు వాటిని కొత్త పటం మీదికి ఎక్కించాలి. ఇప్పటికే ప్లాట్లయి ఇళ్లు లేకుండా పడి ఉన్న వెంచర్లను రెండో వరసలో ఎక్కించాలి. ఆ ఖాళీ స్థలం నిండితే పట్టణం ఇంకెన్నేళ్లు పెరగగలదో లెక్క తేలాకే కొత్త పొలం ముట్టుకోవాలి. పరిశ్రమకు చోటు కావాలంటే పడావు భూములు, రాళ్ల నేలలు, బంద్ పడ్డ పాత ఫ్యాక్టరీల స్థలాలు చూడాలి.

రైతులు చేయాల్సిన పనీ ఉంది. ముసాయిదా వచ్చాక గోడకు అంటించిన పటం ముందు నిలబడితే అందులో మన పొలం కనిపించదు, పటం కొలత చాలా చిన్నది. సర్వే నంబర్ల వారీగా జోన్ల జాబితా ఇవ్వమని మున్సిపాలిటీకి రాతపూర్వకంగా అడగాలి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినా సరే. అభ్యంతరం సంఘం పేరుతో ఒక్కటి ఇచ్చి ఊరుకోవద్దు. పట్టాదారు ఎవరికి వారు ఇవ్వాలి. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, వానాకాలం ఏ పంట, యాసంగి ఏ పంట, నీళ్లు చెరువు నుంచా బోరు నుంచా, ఆ కాల్వ తన తర్వాత ఎవరి పొలానికి పోతుంది, ఇవన్నీ రాయాలి. పాసుబుక్కు నకలు, పంట ఫొటో జతచేయాలి. కౌలుకు చేస్తున్నవాళ్లు కూడా తమ పేరుతో రాయొచ్చు, అభ్యంతరం చెప్పడానికి పట్టా ఉండాల్సిన పనిలేదు. గడువు ముగిసే రోజు దాకా ఆగకుండా ఇచ్చి, ప్రతి దరఖాస్తుకూ ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి. రేపు కోర్టుకు పోవాల్సి వస్తే ముందు అడిగేది ఆ రసీదే.